పళ్లసెట్టు కింది పొర

“నా నోరు మూయించాలని కంకణం కట్టుకుంది డాక్టరమ్మా, ఈ మహాతల్లి!” కుర్చీలో వెనక్కి వాలకముందే మొదలుపెట్టింది అత్తగారు. గోడవారన బెంచీ మీద కోడలు చేతిసంచీ జిప్పు తీస్తూ, మూస్తూ కూర్చుంది.

పళ్ల డాక్టరమ్మ పళ్లసెట్టు అందుకుని తిరగేసింది. చిగుళ్లు ఒరుసుకోకుండా అడుగున తనే వేసిన మెత్తటి పొర. వేసి ఇరవై రోజులు కాలేదు. చెవితమ్మెలా అణగాల్సింది, గోరు కూడా దిగనంత గట్టిపడింది. గులాబీ రంగు పోయి సున్నం కొట్టినట్టుంది. అంచుల్లో పెచ్చులు లేస్తున్నాయి. మూడు నెలల్లో ఇది మూడోసారి.

ముక్కు దగ్గర పెట్టుకోగానే వాసన గుప్పుమంది.

“దీన్ని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టారు. బాత్రూములు కడిగే నీళ్లకి ఈ పొర ఆగుతుందా? మామూలు నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ చాలని చిలక్కి చెప్పినట్టు చెప్పానే! ఎవరు చేశారీ పని?”

“ఇంకెవరు? ఇంట్లో ఉన్నదే ఇద్దరం. నా పళ్లు నేనే పాడుచేసుకుంటానా?”

“నేనేనండీ,” అంది కోడలు తలెత్తకుండా. “మరకలు పోతాయేమోనని...”

“విన్నారుగా! నిన్నటి నుంచి పాలు తాగి బతుకుతున్నా. నోరంతా పుండు.”

డాక్టరమ్మకు ఒళ్లు మండింది. “చదువుకున్నదానివి, మూడుసార్లా? ఇంకోసారి ఇలా తెస్తే నేను ముట్టుకోను.”

కోడలు సరేనన్నట్టు తలూపింది.

డాక్టరమ్మ పాత పొర గీకేసి, కొత్త ముద్ద కలిపి పరిచి, నోట్లో పెట్టి పెద్దావిడ చేత కరిపించింది. పొర కుదురుకున్నాక అంచులు కత్తిరించి, “వెళ్లి నోరు పుక్కిలించి రండమ్మా,” అని పక్కగదిలోకి పంపింది.

తలుపు పడగానే కోడలు లేచి దగ్గరికి వచ్చింది.

“నేను కాదండీ, ఆవిడే పోస్తున్నారు. నిన్న నా కళ్లారా చూశాను. మధ్యాహ్నం పడుకోబోతూ బ్లీచింగ్ సీసా ఎత్తి పళ్లసెట్టున్న గిన్నెలో ఒంపారు. లేచాక, ఇదెవరు పోశారని నన్నే అడిగారు. నటన కాదండీ, నిజంగానే గుర్తులేదు. మొన్న స్టవ్ కూడా అలాగే మండుతూ వదిలేశారు.” గొంతు ఇంకా తగ్గించింది. “ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఈ సంగతి తెలిస్తే బెదిరిపోతారు. మతిమరుపు చూసే డాక్టరుకి చీటీ రాసివ్వండి. పళ్ల కోసమేనని చెప్పి తీసుకెళ్తాను.”

ఇందాక అన్న మాటలకు డాక్టరమ్మ మనసు చివుక్కుమంది. చీటీ రాసి, మడిచి, బల్ల మీద పెట్టింది.

అంతలో పెద్దావిడ వచ్చింది. “ఏమిటా గుసగుసలు? నా మీద చాడీలా? పో, పోయి ఆటో పిలు. అదైనా సరిగ్గా ఏడువు.”

కోడలు చిన్నగా నవ్వి మెట్లు దిగింది.

చెప్పుల చప్పుడు వినబడనంత దూరం వెళ్లేదాకా పెద్దావిడ గుమ్మం వైపే చూస్తూ నిలబడింది. తర్వాత బల్ల మీది చీటీ మీద వేలు ఆనించింది.

“ఇది నా మతి గురించే కదూ డాక్టరమ్మా? కాస్త మంచి డాక్టరుకే రాశారా?”

డాక్టరమ్మ నిర్ఘాంతపోయింది. “మీకు తెలుసా?”

“నిన్న నిద్ర లేచేసరికి నా చేతులకే ఆ వాసన.”

“మరి తెలిసీ ఆ అమ్మాయిని అన్నేసి మాటలెందుకన్నారమ్మా?”

“తిట్టడం మానేశాననుకోండి, నాకు తెలిసిపోయిందని పసిగట్టేస్తుంది పిచ్చిపిల్ల.”