వైరు కనిపించకూడదు

“గుర్తింపు కార్డు చూపించండి,” అంది ఆవిడ తలుపు సగమే తీసి.

కేబులాయన మెడలో వేలాడుతున్న కార్డును పైకెత్తి పట్టుకున్నాడు. ఆవిడ కార్డునీ మనిషినీ మార్చి మార్చి చూసింది.

“ఫొటోలో జుట్టు బాగానే ఉందే.”

“పాత ఫొటో మేడమ్.”

“సరే, రండి. షూ బయటే విప్పండి.”

అతను నిచ్చెన, బ్యాటరీ డ్రిల్లు, నీలం కేబుల్ చుట్ట మోసుకుంటూ లోపలికి వచ్చాడు. సోఫాలో కూర్చున్న ఆవిడ అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, “ఎట్టకేలకు కదిలాడు,” అంది కోడలితో.

పరిస్థితి గోడ మీదే కనిపిస్తోంది. వాకిట్లో కెమెరా దగ్గర బయల్దేరిన కేబుల్ కిటికీ రెక్కల సందులోంచి హాల్లోకి వచ్చి, కర్టెన్ రాడ్డు మీద పాకి, గడియారాన్ని ఓ చుట్టు చుట్టి, టీవీ పక్కన రికార్డరులోకి దిగుతోంది. దారిలో దాని మీద అత్తగారి చేతిరుమాళ్ళు ఆరుతున్నాయి.

“ఈ వైరు పుణ్యమా అని కిటికీ మూతపడదు. దోమలు కాపురం పెట్టేశాయి,” అంది ఆవిడ. “మొదట కెమెరా పెట్టినాయన, రేపొచ్చి వైరు గోడలోకి దించేస్తానన్నాడు. ఏడాది దాటింది. ఆ రేపు ఇంకా తెల్లారలేదు.”

“ఆయనకి పని ఒత్తిడి ఉండి ఉంటుంది మేడమ్.”

“మీరెందుకండీ ఆయన్ని వెనకేసుకొస్తారు?”

“ఒకే కంపెనీ కదా, ఆ మాత్రం ఉంటుంది.”

“అందుకే ఇక ఎవరినీ బతిమాలకుండా మీ ఆఫీసుకి ఫిర్యాదు పెట్టాను. ఈ హాల్లో వైరు అంగుళం కూడా కనిపించకూడదు. అప్పటిదాకా ఓటీపీ చెప్పను.”

కస్టమరు ఫోనుకొచ్చే ఆ ఓటీపీ కొడితేనే ఫిర్యాదు మూసుకుంటుంది. ఇవాళ మూసుకోకపోతే రేపటినుంచి వీధి స్తంభాలెక్కే డ్యూటీ అని సూపర్‌వైజరు పొద్దున్నే తేల్చి చెప్పాడు. ఇతనికా, నిచ్చెన మూడో మెట్టు దాటితే కళ్ళు తిరుగుతాయి.

“గోడకి బెజ్జం పెట్టాలి మేడమ్. సార్‌ని కూడా ఒక మాట అడిగితే…”

“ఆయన డ్యూటీలో ఉన్నారు. ఇంట్లో ఉన్నా ఒరిగేదేమీ లేదు. మీరు కానివ్వండి.”

అతను మెయిన్ ఆపి వచ్చి, గోడను వేలి కణుపులతో తట్టి చూసి, కరెంటు తీగలు వెళ్ళే దారికి జానెడు ఎడంగా పెన్సిలుతో గుర్తు పెట్టాడు. వాన నీళ్ళు లోపలికి రాకుండా బెజ్జం బయటివైపుకి వాలుగా వేశాడు. ఎర్రటి దుమ్ము సోఫా మీదికి మేఘంలా దిగింది.

“ముందు ఓ దుప్పటి కప్పాలని తెలీదూ? ఇతన్ని పెంచినవాళ్ళని అనాలి,” అంది అత్తగారు దగ్గుతూ.

“వాళ్ళు మాత్రం ఏం చేస్తారు లెండి అత్తయ్యా. చెప్పే ఉంటారు, ఎక్కి ఉండదు,” అంది ఆవిడ.

గోడలోపల ఖాళీ పైపు ఒకటి టీవీ దాకా ఉంది. దానిలోకి స్ప్రింగు తీగ తోసి, కేబుల్ కొసను దానికి టేపుతో కట్టి లాగాడు. కొంత దూరం వచ్చి బిగుసుకుపోయింది. మళ్ళీ లాగాడు. రాలేదు.

“కొసకి ప్లగ్గు బిగించేసి లాగుతున్నారేమో,” అంది ఆవిడ.

అతను కేబుల్ వెనక్కి తీసి, ప్లగ్గు కత్తిరించి పారేసి, వట్టి కొసను మళ్ళీ కట్టి లాగాడు. ఈసారి జారుకుంటూ వచ్చేసింది.

ఆవిడ టీ తెచ్చి ఇచ్చింది. ఓ గుక్క తాగి, “చక్కెర తగ్గింది మేడమ్,” అన్నాడు.

“కస్టమర్లు ఇచ్చింది తాగాలండీ.”

తాగేశాడు. కొత్త ప్లగ్గు బిగించి, కెమెరాకి కొత్త కేబుల్ తగిలించి, కిటికీలోంచి వచ్చే పాత వైరు ఊడదీశాడు. గోడలోంచి కేబుల్ బయటికొచ్చే చోట మాత్రం అరచేతి వెడల్పున కంత అలాగే ఉండిపోయింది. “దీనికో మూత బిగించాలి. రేపొచ్చి…”

“రేపా?” అన్నారు అత్తాకోడళ్ళు ఒకేసారి.

అత్తగారు లేచి, టీపాయ్ మీదున్న అతని స్కూటరు తాళం గుప్పిట్లో పెట్టుకుంది. “డిక్కీలో చూద్దాం పద. నేనూ వస్తాను. ఒంటరిగా పంపితే అటునుంచి అటే పోతావు.”

డిక్కీలో హెల్మెట్ కింద మూతలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

మూత పడింది. మెయిన్ మళ్ళీ వేశాడు. టీవీలో వాకిలి అద్దంలా కనిపించింది. ఆవిడ గోడ పొడుగునా వేలితో రాసి చూసి, కిటికీ రెక్కలు దగ్గరకు లాగింది. అవి హాయిగా మూసుకున్నాయి. ఆవిడ వాటిని తెరిచి మళ్ళీ మూసింది.

“ఓటీపీ మేడమ్,” అన్నాడతను మెల్లగా.

“దుమ్మెవరు ఊడుస్తారు?”

ఊడ్చాడు. తడిబట్ట పెట్టి తుడిచాడు కూడా. అప్పుడు గానీ ఆవిడ ఒక్కొక్క అంకే నింపాదిగా చెప్పలేదు. ఫిర్యాదు మూసుకున్న మరుక్షణం సూపర్‌వైజరు దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

“ఆ మేడమ్ గట్టిపిండం అనుకున్నానే. ఎలా ఒప్పించావయ్యా?”

“నాకూ తెలీదు సార్.”

“స్తంభాలకి ఇంకో మనిషిని చూస్తాలే. ఇక ఇంటికెళ్ళు.”

“అలాగే సార్,” అని ఫోను పెట్టేసి, మెడలో కార్డు తీసి నిచ్చెనకు తగిలించాడు.

“అమ్మా, నీ కోడలు నా లుంగీ ఎక్కడ పెట్టింది?”