పద్నాలుగో షరతు

"సంతకం ఇక్కడ, ఇక్కడ, మళ్లీ చివరి పేజీలో ఇక్కడ" అంది కంపెనీ లాయరమ్మ, కాగితాల దొంతర ముందుకి జరిపి.

డబ్బింగ్ ఆర్టిస్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడుచుకున్నాడు.

చిటికె అనే కార్టూన్ ఉడుతకి పద్దెనిమిదేళ్లుగా గొంతు ఇస్తున్నది ఆయనే. చిటికె అంటే తెలియని పిల్లలు లేరు. ఆయన ఎవరో ఒక్క పిల్లకీ తెలియదు. ఇందాక లిఫ్టులో ఓ చిన్నది చిటికె బొమ్మ ఉన్న సంచితో ఆయన మోకాలికి ఒక్కటిచ్చి, కనీసం వెనక్కి తిరిగైనా చూడకుండా పోయింది. 'అభిమానులు మీద పడిపోతున్నారు' అనుకుని ఆయన తనలో తనే నవ్వుకున్నాడు.

చిక్కంతా కంపెనీలు తెచ్చిపెట్టింది. ఉడుతని తయారుచేసింది ఒక కంపెనీ. యాప్‌లో చూపించేది ఇంకో కంపెనీ. పోయిన నెల ఆ రెండూ ఒకటైపోయాయి. కలిసింది వాళ్లు, వీధిన పడింది ఉడుత. హక్కులు ఎవరివో తేలేదాకా చూపించొద్దన్నారు, సోమవారం పొద్దున్నకల్లా చిటికె యాప్‌లోంచి మాయమైంది. బీరువాలన్నీ గాలిస్తే ఉడుత బొమ్మకి హక్కుల కాగితాలు దొరికాయి. తోకకి విడిగా ఇంకో కాగితం కూడా దొరికింది. గొంతుకి మాత్రం ఏమీ దొరకలేదు. అప్పటి డైరెక్టరు ఈయన నోరు విప్పిన మరుక్షణం "రేపట్నుంచి వచ్చెయ్యండి" అన్నాడు తప్ప, ఏ కాగితమూ రాయించుకోలేదు.

"మీరు సంతకం పెడితే పాత భాగాలన్నీ మీ గొంతుతోనే రేపు యాప్‌లోకి వచ్చేస్తాయి. లేదంటే మూడు వందల పన్నెండూ కొత్త గొంతుతో మళ్లీ చేయిస్తారు" అంది లాయరమ్మ. తర్వాత కాస్త గొంతు తగ్గించింది. "నాకైతే మీ గొంతే కావాలండీ. చిన్నప్పుడు స్కూలు నుంచి రాగానే చిటికె ముందు కూలబడేదాన్ని. మా అమ్మ ఎన్నిసార్లు తిట్టేదో!"

ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది. పద్దెనిమిదేళ్లలో ఆ మాట ఆయనతో ముఖాముఖీ అన్నది ఈ పిల్లే.

"ఈ పద్నాలుగో షరతు ఏంటమ్మా?" అన్నాడు. ఆయన మాట ఖంగుమని గదంతా పాకింది.

"మామూలుదేనండీ. చిటికె గొంతు, నవ్వు, దగ్గు ఇకనుంచి కంపెనీ ఆస్తి. ఆ గొంతుతో మీరు ఎక్కడా మాట్లాడకూడదు."

"ఎక్కడా అంటే?"

"స్టేజీ మీద, వీధిలో, ఫోన్లో."

"ఇంట్లో?"

"ఇంట్లో కూడా. ఎవరో ఒకరు రికార్డు చేసి ఎక్కడో పెట్టేస్తారు. ఆ తలనొప్పి మాకెందుకు?"

"కాలికి గడప తగిలి అమ్మా అన్నాననుకోండి?"

"ఉడుతలాగా అనకండి, అంతే" అని నవ్వింది లాయరమ్మ.

"నిద్రలో పలవరిస్తే?"

ఆవిడ పేజీ తిప్పి చూసింది. "నిద్రకి మినహాయింపు రాయలేదండీ."

"మా ఆవిడ మీద కోపమొస్తే?"

"ఆవిడ మీద ఉడుత గొంతుతో అరుస్తారా?"

"ఏ గొంతుతో అరిచినా భయపడేవాళ్లు లేరులెండి మా ఇంట్లో."

పక్క బల్ల దగ్గర టైపు చేసుకుంటున్న గుమాస్తా కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆయన సంగతి స్టూడియోలో అందరికీ తెలిసిందే. మైకు ముందు తప్ప ఆయన నోట చిటికె గొంతు విన్నవాడు లేడు. పిల్లల పుట్టినరోజుకి రమ్మని ఎంతమంది కాళ్లావేళ్లా పడ్డా వెళ్లలేదు. కళ అంటే అంత నిష్ఠ అని చెప్పుకునేవాళ్లు.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. భార్య. "ఊ" అన్నాడు. "ఊహూ" అన్నాడు. పెట్టేశాడు.

"అసలు మీ గొంతు ఇంత గంభీరంగా ఉంది కదా" అంది లాయరమ్మ. "చిటికె కోసం అంత సన్నగా, పీలగా చెయ్యడానికి ఎంత సాధన చేశారో!"

"నిజం చెప్పనా? చిటికె కోసం నేనేమీ కష్టపడలేదమ్మా."

ఆవిడ దాన్ని వినయం కింద జమకట్టింది. "ఈ గొంతుని ఊరికే వదలకూడదండీ. కొత్త సీరియల్‌లో సింహం పాత్ర ఖాళీగా ఉంది. మీ పేరు నేను చెప్తాను."

సింహం!

ఆయన నడుం దానంతటదే నిటారుగా అయింది. నాలుక చివరి దాకా వచ్చిన మాట ఒకటి వెనక్కి వెళ్లిపోయింది. సింహం అనిపించుకున్నాక కొన్ని సంగతులు చెప్పుకోలేం మరి.

కలం చేతిలోకి తీసుకున్నాడు. సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? ఇంకెవడో చిటికెలా నవ్వుతాడు. పిల్లలు రెండు రోజులు మొహం చిట్లిస్తారు, మూడో రోజుకి అలవాటు పడిపోతారు. ఆ మూడో రోజే ఆయనకి మింగుడు పడలేదు. మొత్తం మూడు వందల పన్నెండు భాగాల్లోంచి తనని తుడిచేస్తే ఇక తను బతికిన గుర్తేముంది? అంత గొప్ప గుర్తు ఒక ఉడుత అయినందుకు సిగ్గుపడుతూనే, మూడు చోట్లా సంతకం పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి భార్య తలుపు దగ్గరే కాచుకుని ఉంది.

"ఏమైందండీ? పెట్టేశారా?"

"పెట్టేశాను" అన్నాడు, ఖంగుమని.

ఆవిడ ఉలిక్కిపడి ఆయన భుజం మీదుగా మెట్ల వైపు చూసింది. "మీతో ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ లేరు" అన్నాడు, అంతే గంభీరంగా.

"మరి?" అంది ఆవిడ అయోమయంగా.

పరాయివాళ్ల ముందు ఊపిరి బిగబట్టి పెట్టుకునే ఈ గొంతొక్కటే ఆయనకి ఇక మిగిలింది, పుట్టుకతో వచ్చిన గొంతు మధ్యాహ్నమే ఉడుతతో పాటు కంపెనీకి రాసిచ్చేశాడు.