మొదటి తిప్పు

నాన్నది సైకిల్ షాపు. రోజూ ఆఖరి సైకిల్ పని అయ్యాక దాని వెనక చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పి, అది ఆగేలోపే లైటు ఆర్పి షట్టర్ దించేవాడు. "ఆగే చక్రాన్ని చూడకూడదే, పిచ్చిదానా" అనేవాడు.

సొంతంగా సైకిల్ బిగించుకుందామని నేను కార్బన్ ఫ్రేమ్ కొన్న రోజు దాన్ని ఒంటిచేత్తో ఎత్తి పకపకా నవ్వాడు.

"ఇది సైకిలా, ఈకా? కొండెక్కుతుందా ఇది?"

"మోటారు పెడితే ఎక్కుతుంది నాన్నా."

"సరే, బిగించు. మొదటి తిప్పు మాత్రం నాదే."

సైకిల్ సగంలో ఉండగానే పోయాడు.

ఈ రాత్రి షాపులో ఆఖరి బోల్టు బిగించాను. చక్రం తిప్పడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఇంట్లో ఛార్జింగ్ పెడదామని మోటారు బ్యాటరీ ఊడదీసి చంకన పెట్టుకున్నాను. లైటు ఆర్పి, బయటికొచ్చి, షట్టర్ సగం దించాను.

లోపల టిక్‌టిక్‌టిక్‌మంటూ చక్రం తిరుగుతోంది.

బ్యాటరీ నా చంకలోనే ఉంది.

"బాగా తిరుగుతోందా నాన్నా?" అన్నాను.

చప్పుడు నెమ్మదించింది. టిక్... టిక్... వంగి చూడబోయి, ఆయన మాట గుర్తొచ్చి, గబుక్కున షట్టర్ పూర్తిగా దించేశాను.

తాళం వేశాక గానీ తట్టలేదు, నాన్న ఇంకా లోపలే ఉన్నాడని.