మందు లేని సూదులు

"కదలకండి పిన్నిగారూ! ఇలా ఊగిపోతుంటే బీపీ ఎలా చూసేది?"

మందుల షాపావిడ విసుగ్గా పట్టీ విప్పేసింది. "కాసేపు ఆ వెనకాల స్టూలు మీద కూర్చోండి. ఒళ్ళు కుదుటపడ్డాక మళ్ళీ చూస్తాను."

ఆ పెద్దావిడ ఉద్యోగమంతా ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా తిరిగిన మనిషి. రిటైరయ్యాక చెల్లెలింటికి చేరింది. వీధికి కొత్త. ఊరికే కూర్చోవడం ఆవిడ ఒంటికి సరిపడదు. దగ్గుమందు సీసాల బీరువా చాటున స్టూలు మీద కూలబడి, కాళ్ళు ఆడిస్తూ సీసాల మీద పేర్లు చదవసాగింది.

ఇంతలో మగగొంతు వినిపించింది. "మేడమ్... సూదులు కావాలి."

"సిరంజీలా?"

"కాదు. ఉత్త సూదులే. సన్నవి."

నర్సమ్మ కాళ్ళు ఆడించడం ఆపింది. సీసాల సందులోంచి తొంగిచూసింది. నలభై దాటిన మనిషి. చేతిలో ఖాళీ గుడ్డసంచి. నుదుటి నిండా చెమట. చెమటలు కక్కుతూ సూదులడిగేవాళ్ళని ఆవిడ తన సర్వీసులో చాలామందిని చూసింది. 'మత్తుమందు బాపతే' అనుకుంది.

"దేనికి?" షాపావిడ గొంతు కటువుగా ఉంది.

"అంటే... ఇంట్లోకి."

"ఇంట్లోకి సబ్బులు కొనుక్కుంటారు. సూదులు దేనికని అడుగుతున్నాను."

అతను వెనక్కి తిరిగి వీధిలోకి చూశాడు. గొంతు తగ్గించాడు. "మాకే. నాకూ మా ఆవిడకీ. మందెక్కించడానికి కాదు. చర్మం పైపైన గుచ్చి, కాసేపుంచి తీసేస్తాం. అదొక సరదా. ఆవిడకి ఇష్టం. నాకూ ఇష్టమే."

నర్సమ్మ స్టూలు అంచుకి జరిగింది. షాపావిడ చెడామడా తిట్టి తరిమేస్తుందని చెవులు రిక్కించింది. ఆవిడ తిట్టలేదు.

"ఎవరికి ఎవరు గుచ్చేది?"

"ఆవిడకి నేను."

"ఎక్కడ?"

"వీపు పైభాగాన. కండ ఉన్నచోటే. వెన్నెముక జోలికి పోను."

"వాడిన సూది మళ్ళీ వాడతారా?"

"ఛ! ఒక్క సూదీ రెండోసారి ముట్టను."

"చేతులకి?"

"సబ్బుతో కడుక్కుని గ్లవ్స్ వేసుకుంటాను. వీపు స్పిరిట్ దూదితో తుడిచి, ఆరాకే సూది పెడతాను."

"తీసిన సూదులు ఏం చేస్తారు?"

"చెత్తబుట్టలో..."

"చెత్త ఎత్తే మనిషి చెయ్యి ఏమైపోవాలి?" గయ్యిమంది షాపావిడ.

"డబ్బా! మూత ఉన్న గట్టి డబ్బాలో. కంగారులో నోరు జారింది మేడమ్."

బీరువా వెనక నర్సమ్మ తలూపింది. సరిగ్గా అదే ప్రశ్న తనూ వేసేది. మరుక్షణమే తన మీద తనకే చిరాకేసింది. ఏమిటీ తలూపడం?

"ఆవిడ మధ్యలో వద్దంటే?"

"అక్కడికక్కడే ఆపేస్తాను. ఎందుకని కూడా అడగను."

"కళ్ళు తిరిగితే?"

"పడుకునే ఉంటుందిగా. అన్నీ తీసేసి పక్కనే కూర్చుంటాను. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి. సిగ్గుపడి దాచను."

షాపావిడ వెనక్కి తిరిగి అర తెరిచింది. సూదుల ప్యాకెట్లు, గ్లవ్స్, స్పిరిట్ దూది, గాజుగుడ్డ, వాడిన సూదులు వేసే మూతడబ్బా ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. అతను ఒక్కో ప్యాకెట్టూ వెలుతురుకి ఎత్తి, డేటు చదివి సంచిలో వేసుకున్నాడు. ఒకటి మాత్రం వెనక్కి నెట్టాడు. "దీని అంచు చిరిగింది. వేరేది ఇవ్వండి."

షాపావిడ పెదవి చివర నవ్వులాంటిది మెరిసి మాయమైంది. "ఇక్కడ నోరు విప్పి చెప్పలేనివాడు అక్కడ సూది పట్టకూడదు. చెప్పారు కాబట్టి ఇస్తున్నాను. వెళ్ళండి."

అతను మెట్లు దిగాడో లేదో నర్సమ్మ బీరువా చాటు నుంచి ఊడిపడింది.

"అమ్మాయ్! బుద్ధుందా నీకు?"

"అయ్యో, మీరున్న సంగతే మరిచాను! అంతా విన్నారా?" షాపావిడ మొహం కందిపోయింది.

"చెవుడు లేదుగా నాకు! ఆవిడకి ఇష్టం అని వాడు అంటే సరిపోయిందా? ఒళ్ళంతా కమిలిపోయి వచ్చి, స్నానాలగదిలో జారిపడ్డామని చెప్పిన ఇల్లాళ్ళకి ఎందరికి కట్లు కట్టానో నీకేం తెలుసు? పక్కన మొగుడు నిలబడి ఉంటే ఒక్కతీ నిజం చెప్పేది కాదు."

"మీరన్నది నిజమే పిన్నిగారూ. అందుకే అన్ని ప్రశ్నలు వేశాను."

"వేశావు, వాడికి. వాడు అప్పజెప్పాడు. అడగాల్సింది ఆ పిల్లని కదూ? ఎవరూ లేనప్పుడు, ఒంటరిగా?"

"అడిగితే మటుకు, నిజం చెప్పిందని మీకెలా తెలుస్తుంది?"

"మొహం చూస్తే చాలు నాకు. ఇష్టమో భయమో ఇట్టే పట్టేస్తాను." నర్సమ్మ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చేసింది. "ఎక్కడుంటారు వాళ్ళు? ఇల్లు చెప్పు, నేనే వెళ్తాను."

"ముందు కూర్చోండి. బీపీ పెరిగిపోతుంది."

"పెరిగితే పెరగనీ! ఈ రాత్రి నాకు కంటిమీద కునుకు పట్టేది కాదు. ఆ ఇల్లాలెవరో చెబుతావా, వీధిలో పడి నన్నే వెతుక్కోమంటావా?"

షాపావిడ బీపీ పట్టీ పక్కన పెట్టింది. బల్ల దాటి వచ్చి ఆవిడకి ఎదురుగా నిలబడింది. తల ఎత్తి సూటిగా చూసింది. నర్సమ్మ అలవాటు కొద్దీ ఆ మొహంలోకి పరకాయించి చూసింది. సిగ్గుంది. భయం మచ్చుకైనా లేదు.

"అందరిలా కొట్టుకొచ్చి అడిగి, అన్నీ అప్పజెబితేనే సూదులన్నది నేను పెట్టిన షరతే. ఆ ఇల్లాల్ని నేనే, పిన్నిగారూ."