వాకర్‌కు చిక్కుడు తీగ

"అవ్వా! నడువుమని ఇచ్చిన వాకర్‌కు చిక్కుడు తీగ పాకిస్తవా?"

హెల్మెట్ తీయకుండానే సువర్ణ అరిచింది. పెరట్లో వాకర్ నాలుగు కాళ్లూ మట్టిలో దిగేసుకుని, పూత మీదున్న తీగను మోస్తూ దర్జాగా నిలబడి ఉంది.

"పందిరేసేటోళ్లు దొరుకుతలేరు బిడ్డా," అంది అంజవ్వ, వెనక వసారాలో కాళ్లు చాపుకుని. మోకాలికి కట్టుంది. నిన్న బాత్రూంలో మళ్లీ జారిపడింది మరి.

ముసలివాళ్లు పడిపోకుండా, ఎవరింట్లో వాళ్లు హాయిగా బతికేలా చూడటం సువర్ణ ఉద్యోగం. అందుకోసం స్కూటీ మీద బాల్కొండ దాకా తిరుగుతుంది. తాను చూసే ముసలివాళ్లలో ఒక్కరు కూడా సొంతిల్లు వదిలి పోలేదని చెప్పుకోవడమంటే ఆమెకు మహా గర్వం. మాక్లూర్‌లో ఈ అంజవ్వ ఒక్కతే ఆ గర్వానికి తూట్లు పొడుస్తోంది.

బాత్రూంలోకి తొంగి చూస్తే ఒళ్లు మండింది. తాను మేస్త్రీని బతిమాలి గోడకు పెట్టించిన స్టీలు కమ్మి మీద తడి చీర వేలాడుతోంది.

"ఈ కమ్మి ఎందుకు పెట్టిచ్చిన?"

"పట్టుకోనీకె."

"మరి చీరెందుకేసినవ్?"

"ఆరనీకె."

కాలు జారకుండా పరిచిన రబ్బరు పట్టా ఏదీ? వెతకగా వెతకగా వంటింట్లో రోలు కింద దొరికింది. ఇంతలో ఫోన్ మోగింది. కంఠేశ్వర్‌లో ఉండే అంజవ్వ కూతురు స్నేహలత.

"అక్కా, అమ్మ మళ్ల పడ్డదట గద! ఇంకొక్కసారి పడ్డదంటే నేనే వచ్చి మా ఇంటికి తీస్కపోత."

"వద్దు స్నేహా, ఆమెకు ఇష్టం లేదు. నువ్వు ఎన్నిసార్లు పిలిచినా, బిడ్డ ఇంట్ల కూసొని తింటే నలుగురేమంటరు అనే అంటది గద! నేను చూసుకుంట."

ఫోన్ పెట్టేసి సువర్ణ అంజవ్వను లోపలికి నడిపించబోయింది. "ఇన్నవా అవ్వా? ఇంకోసారి పడితే నిన్ను ఈ ఇంట్ల ఉండనియ్యరు. లే, నడువు. మొన్న మంచిగనే నడిస్తివి."

"మొన్న సంగతి మొన్ననే," అంటూ అంజవ్వ గడప దాటగానే చెయ్యి విడిపించుకుని మంచం మీద కూలబడింది. "నాతోని గాదు."

"పొద్దున గోళీ వేసుకున్నవా?"

"మర్షిన."

సువర్ణకు తల ప్రాణం తోకకొచ్చింది. చేతిలోని పట్టాను నేలకేసి కొట్టింది.

"నాతోని గూడ కాదు! కమ్మి పెడితే చీరలు ఆరేస్తవ్, వాకరిస్తే చిక్కుడు పెంచుతవ్! నువ్వు ఇగ ఒక్కదానివే ఉండలేవు. నీ బిడ్డను వచ్చి తీస్కపొమ్మంట. పోయి ఆమె ఇంట్లనే ఉండు!"

అనేసి నాలుక కరుచుకుంది. ఇన్నేళ్లలో ఏ ముసలివాళ్లతోనూ ఆ మాట అనలేదు. అంజవ్వ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. సువర్ణ మనసు చివుక్కుమంది.

"తప్పయింది అవ్వా, కోపంల అన్న. నిన్ను ఎక్కడికీ పంపియ్య," అంటూ పక్కన కూర్చుంది.

అంజవ్వ ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా దగ్గరకు లాక్కుంది. వీధి గుమ్మంలోంచి, బయట పసుపు ఆరబోస్తున్న ఆడవాళ్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఇంట్ల అంటే ఎవలింటరు బిడ్డా? నా అంతల నేను పోతే అందరు నవ్వుతరు. ఇందాక కోపంల అన్నవు గద, గదే మాట జర వాకిట్ల నిలవడి గట్టిగ అను. నేను సంచి ఎప్పుడో సర్దుకున్న."