పరీక్ష పూట పాలు

"రేపు పాలు తాగకు బిడ్డా. పెరుగన్నం తిని పో" అంది వంటమనిషి సీతాబాయి.

హైందవి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే విసుక్కుంది. తెల్లారితే ప్రిలిమ్స్. ఇది మూడోసారి. ఈసారి కూడా పోతే సామాను సర్దుకుని ఇంటికి వచ్చెయ్యమని నాన్న తేల్చి చెప్పేశాడు. ఇలాంటప్పుడు వంటింటి సలహాలు కూడా వినాలా అనిపించింది.

అమీర్‌పేటలోని ఆ లేడీస్ హాస్టల్లో, పరీక్షకు వెళ్లే ప్రతి అమ్మాయికీ పొద్దున గ్లాసెడు చిక్కటి పాలు ఇస్తారు. అది యజమానురాలు ఉదయలక్ష్మి పెట్టిన పద్ధతి. హైందవికి ఇంటి దగ్గరా అదే అలవాటు. పదో తరగతి నుంచీ పరీక్షనాడు పాలు తాగందే అమ్మ గడప దాటనిచ్చేది కాదు. మిగతా రోజుల్లో ఆమె పాల జోలికి పోదు, రెండు పూటలా పెరుగన్నమే.

హాస్టల్ ఇచ్చే పాలకు ఈవిడ అడ్డం పడటమేమిటి? పిసినారి బుద్ధి అనుకుంది.

"మా అమ్మ చెప్పింది. తాగే పోత" అంది.

సీతాబాయి వంటింట్లోకి వెళ్లిపోయింది.

హైందవికి ప్రతి పరీక్షలోనూ ఒకటే గతి. పేపర్ చేతికొచ్చిన కాసేపటికి కడుపులో గుడగుడ. ఆ తర్వాత మెలిపెట్టే నొప్పి, చెమటలు, బాత్రూమ్‌కు పరుగు. తిరిగొచ్చేసరికి వచ్చిన జవాబులు కూడా గుర్తుండేవి కావు. అందరూ భయమన్నారు, ఆమె కూడా నమ్మింది. అమీర్‌పేటలో దేనికైనా కోచింగ్ దొరుకుతుంది, ఒక్క భయానికి తప్ప.

మర్నాడు పొద్దున సీతాబాయి గ్లాసు చేతికిచ్చింది. పాలు కాస్త పచ్చివాసన వేశాయి. యాలకులు కూడా ఎక్కువయ్యాయి. హడావిడిలో గడగడా తాగేసి పరుగెత్తింది.

ఆ రోజు కడుపు కిక్కురుమనలేదు. పేపరంతా రాసింది. భయాన్ని గెలిచాననుకుంటూ పంజాగుట్టలోని పరీక్ష సెంటరు నుంచి హాస్టల్‌కు నడిచే వచ్చింది. ఆకలి మీద పెరుగు రెండుసార్లు అడిగి వేయించుకుంది.

సాయంత్రం ఉదయలక్ష్మి పరీక్ష ఎలా రాశావని అడిగితే బాగా రాశానని చెప్పింది. పొద్దున ఇచ్చినవి పాలలా లేవని మాటవరసకి అనేసింది.

ఉదయలక్ష్మి ఆ మాట పట్టుకుని సరాసరి వంటింట్లోకి వెళ్లింది.

"ఆ పిల్ల పాలు ఏం చేశావు సీతాబాయ్?"

"నేను తాగలే. అమ్ముకోలే."

"మరి ఏమైనట్టు?"

సీతాబాయి గరిటె పక్కన పెట్టి నిలబడింది. కల్తీ చేసే మనిషి తన వంటింట్లో వద్దని ఉదయలక్ష్మి మర్నాడే ఆమెను పంపేసింది.

సంగతి అంతదాకా పోతుందని హైందవి అనుకోలేదు. అలాగని అడ్డు పడనూ లేదు. చదవాల్సింది కొండంత ఉంది, ఒంట్లో ఓపిక లేదు.

బట్టల సంచితో వెళ్తూ సీతాబాయి గేటు దగ్గర ఆగింది.

"మల్ల పరీక్షప్పుడు సుత పాలు తాగకు బిడ్డా."

పని పోయినా ఈవిడ ధ్యాస పాల మీదే ఉందని హైందవికి చిరాకేసింది. ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

ప్రిలిమ్స్‌లో ఆమె నంబరు వచ్చింది. ఊళ్లో అమ్మ పది ఇళ్లకు చెప్పుకుంది.

మెయిన్స్ నాడు కొత్త వంటమనిషి మీగడ తేలిన పాలు గ్లాసు నిండా ఇచ్చింది. హైందవి చుక్క వదల్లేదు. మొదటి పేపర్ మొదలైన గంటకే బాత్రూమ్‌లో కూలబడింది. మూడు ప్రశ్నలు ముట్టుకోకుండానే సమయం అయిపోయింది. ఒక్క పేపర్ పోతే అన్నీ పోయినట్టే.

సామాను సర్దుకునే ముందు, ఎందుకైనా మంచిదని సోమాజిగూడలో ఒక డాక్టరమ్మకు చూపించుకుంది. ఆవిడ ఏ రోజు ఏం తింటావో, ఏం తాగుతావో ఓపిగ్గా అడిగింది.

"ఇది భయం కాదమ్మా. పాలలో ఒక రకం చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించుకునే శక్తి నీ పేగులకు తక్కువ. పెరుగు తోడుకునేటప్పుడు ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది. అందుకే నీకు పెరుగు పడుతోంది."

"మరి ప్రిలిమ్స్ నాడు తాగినా ఏం కాలే గద మేడమ్?"

డాక్టరమ్మ చీటీ రాస్తూనే అడిగింది.

"అవి పాలేనా?"

హైందవి హాస్టల్‌కి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వంటింటి వెనక పోచమ్మ అంట్లు తోముతోంది. సీతాబాయితో కలిసి ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి ఆవిడే.

పోచమ్మ చెయ్యి ఆపకుండానే చెప్పింది. సీతాబాయి కొడుక్కి కూడా చిన్నప్పుడు పాలు పడేవి కావట. హైందవి రెండేళ్లుగా పాలు తాగి పరీక్షకు పోవడం, వాడిపోయి రావడం చూసి పసిగట్టిందట. మాట వినదని తెలిశాక ఆ రాత్రి పల్లీలు నానబోసి, పొద్దున్నే రుబ్బి, గుడ్డలో వడగట్టి, కాచి ఇచ్చిందట.

"మరి ఉదయలక్ష్మి మేడమ్ అడిగినప్పుడన్నా చెప్పొచ్చు గద?"

"ముందుగాల నీకు చెప్పింది గద, ఇన్నవా? దొరికినంక చెప్తే సాకులంటరని ఊకున్నది."

ఆమె ఇప్పుడు ఎక్కడుందో పోచమ్మకు తెలియదు. ఫోన్ కూడా కలవడం లేదట.

హైందవికి సిగ్గుతో ఏడుపొచ్చింది. గోడకు ఆనుకుని, మరి తనకని ఉంచిన పాలు ఏం చేసిందని అడిగింది.

పోచమ్మ అప్పుడు తల ఎత్తి చూసింది.

"గవ్వి నీకే తోడు వెట్టింది. పరీక్ష రాసొచ్చి, ఉదయలక్ష్మమ్మకు చెప్పే ముంగట, నువ్వు రెండుసార్లు అడిగి ఏయించుకున్న పెరుగు గదే బిడ్డా."