పదికి రెండు మార్కుల సముద్రం

మార్కుల మాస్టారి మాట నమ్మి సెంటరాయన బాగుపడింది లేదు.

ఆ మాస్టారు బడిలో పాఠం చెప్పే మనిషి కాదు. వీడియోల్లో కూర్చుని కంప్యూటర్ గేములకు మార్కులేస్తాడు.

ఈసారి సెంటరాయన ప్రాణంగా ఆడే గేముకే వేశాడు. పదికి రెండు.

"డబ్బు తీసుకుని నీళ్లమ్మారు," అన్నాడు. "చేప లేదు, దొంగ లేడు, యుద్ధం లేదు. ఖాళీ సముద్రం. స్పేస్ బార్ నొక్కి అవతలి ఒడ్డుకు పోవడం తప్ప చేసేదేం లేదు."

అందరూ నొక్కారు. అందరూ తిట్టారు.

సెంటరాయనది ఎనిమిది మెషీన్ల గేమింగ్ సెంటర్. ఆ గేములో జనం నేల చదును చేసుకుని సేద్యం చేస్తారు. గిరాకీ లేని ప్రతి గంటా, ఏడేళ్లపాటు, అతనూ చేశాడు. బయట జానెడు జాగా లేని మనిషికి అక్కడ బావి ఉంది, కొట్టం ఉంది, ఆకుపచ్చ గేటుంది.

మూడు వారాల కిందట కంపెనీవాళ్లు ఎక్స్‌పాన్షన్ అంటూ కొత్త భాగం వదిలారు. నల్లటి సముద్రం వచ్చి అందరి పొలాల మీదా పడింది.

ఆ వారంలోనే ఒకావిడ రావడం మొదలుపెట్టింది.

యాభై దాటి ఉంటాయి. లావు అద్దాలు, భుజాన గుడ్డసంచి. ఉదయం పదింటికి వచ్చి మూడో మెషీను ముందు కూర్చునేది. గేములో పడవెక్కి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకునేది.

నొక్కేది కాదు. ఖాళీ నీళ్లేగా అని ఆ తెర వైపు ఎవరూ చూసేవాళ్లు కాదు.

పక్క మెషీను సెంటరాయన బావమరిదిది. బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తాడు.

"బావా, పెద్దమ్మ బండి స్టాండులోనే ఆపేసింది," అన్నాడు.

సెంటరాయన వచ్చి చూశాడు. తెర నిండా నీళ్లు, మధ్యలో పడవ.

"అమ్మా, ఆ పొడుగు మీట నొక్కండి. క్షణంలో ఒడ్డు."

"తెలుసు బాబూ. ఒడ్డున ఏముంది?"

"ఏమీ లేదు."

"మరి తొందరేముంది?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

"మీ పొలం ఎటుపక్క ఉండేది?" అని అడిగింది.

"ఉత్తరం మూల. ఏడేళ్ల చాకిరీ తల్లీ. ఆకుపచ్చ గేటు..."

"రెండో కడ్డీ వంకర."

"అదే. కొత్తలో చేతకాక అలా పెట్టా. తర్వాత మార్చబుద్ధి కాలేదు. ఈ నీళ్లు పోసినవాడు దొరికితే కాలరు పట్టుకుంటా."

"పట్టుకోవాల్సిందే," అందామె.

కడ్డీ సంగతి ఆమెకెలా తెలుసని అడగడం అతనికి తోచనే లేదు. కోపం మీదున్నాడు. ఫోను తీసి మాస్టారు పెట్టిన అర్జీ చూపించాడు. సముద్రాన్ని తీసెయ్యాలంటూ నలభై వేల సంతకాలు.

ఆమె చాలాసేపు చదివింది.

"మీరు సంతకం చేసేముందు ఒక్కరోజు నొక్కకుండా కూర్చోండి బాబూ. గేములో మిట్టమధ్యాహ్నం అయ్యేదాకా."

"ఏమవుతుంది?"

"చెబితే ఆ మీట నేనే నొక్కేసినట్టు."

"నాకంత తీరిక లేదమ్మా," అని ఆమె ఎదురుగానే సంతకం చేశాడు.

మర్నాటి నుంచి ఆమె రాలేదు.

సోమవారం కంపెనీ దిగొచ్చింది. శుక్రవారం పన్నెండింటికి సముద్రం తీసేస్తాం, ఎవరి కొలత ప్రకారం వాళ్లకు కొత్త నేల ఇస్తాం అని ప్రకటించింది. డ్రైవరు అందరికీ టీ పోయించాడు. వేసిన పైరు ఎలాగూ పోయింది, నేలైనా దక్కిందనుకున్నాడు సెంటరాయన.

శుక్రవారం పదకొండు దాటాక మూడో మెషీను ముందు కూర్చున్నాడు. పీడ వదిలే ముందు ఒడ్డున ఒక ఫొటో తీసి గోడకు అంటించాలని.

పడవెక్కి మీట నొక్కాడు. పనిచెయ్యలేదు.

"అది పోయింది బావా," అన్నాడు డ్రైవరు. "మొన్న ఇక్కడ ఆడుతూ ఒళ్లు మండి గుద్దాను."

"నీ చెయ్యి పడిపోను."

మిగతా మెషీన్లన్నీ నిండి ఉన్నాయి. చేసేది లేక కూర్చున్నాడు.

పావుగంట నీళ్లే. అరగంట నీళ్లే.

"పెద్దమ్మ గాలి సోకిందా ఏంటి?" అన్నాడు డ్రైవరు.



గేములో సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. నల్లటి నీళ్లు అద్దంలా తేటపడ్డాయి.

అడుగున గట్లు కనిపించాయి. తర్వాత బావులు. తర్వాత కొట్టాలు, వాటిల్లో వెలుగుతున్న దీపాలు.

ఎవరి పొలమూ పాడవలేదు. వేల పొలాలు, పెట్టినవి పెట్టినచోటే ఉన్నాయి. గాలికి ఊగాల్సిన పైరు నీటికి ఊగుతోంది. దాని మీదుగా పడవ నీడ మెల్లగా జారిపోతోంది.

పడవ దానంతటదే ఉత్తరానికి తిరిగింది. ఎవరి పడవ వాళ్ల పొలం మీదికే పోతుందని అప్పుడు అర్థమైంది.

డ్రైవరు తన ఆట వదిలేసి వెనక వచ్చి నిలబడ్డాడు. ఒక్కరొక్కరే అందరూ వచ్చారు. సెంటర్లో ఒక్క మీట చప్పుడు లేదు.

ఆకుపచ్చ గేటు. రెండో కడ్డీ వంకర.

ఊపిరి తీసుకుంటే ఎక్కడ నీళ్లు కదులుతాయో అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

"ఆపించు బావా," అన్నాడు డ్రైవరు. "వద్దని చెప్పు. మాస్టారికి రాయి."

సెంటరాయన ఫోను తీసి రాశాడు. అవతలి నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

గోడ గడియారంలో పన్నెండైంది.

నీళ్లు లేవు. గేటు లేదు. తెర ఈ కొస నుంచి ఆ కొసదాకా మట్టిరంగు చదును.

దాని మీద కంపెనీ క్షమాపణ తేలింది: ఈ సముద్రాన్ని నాలుగేళ్లు ఒంటిచేత్తో కట్టిన ఉద్యోగినిని పనిలోంచి తీసేశామని; పక్కన ఫొటోలో లావు అద్దాలు, భుజాన గుడ్డసంచి; కింద సెంటరాయన వాటా, ఖాళీ నేల, పదకొండు ఎకరాల ముప్పై సెంట్లు.